చంటిపిల్ల గిన్నెలో కొబ్బరి

(విజయవాడ సత్యనారాయణపురంలో తల్లుల మీటింగ్‌లో మాట్లాడింది, రాలేకపోయిన వాళ్ళు అడిగారని ఇక్కడ పెడుతున్నా)

అందరికీ నమస్కారం అండి. శ్రావణ మాసం కదా, మన ఇళ్ళల్లో కొబ్బరి చెక్కలకి కొదవే ఉండదు, పూజలో కొట్టినవి, పేరంటంలో ఇచ్చినవి, కొండెక్కి అమ్మవారి దర్శనం చేస్కొచ్చిన పక్కింటివాళ్ళు ఇచ్చినవి, ఫ్రిజ్ తలుపు తీస్తే అవే. సరిగ్గా ఈ నెలలోనే అందరూ నన్ను అడిగేది, "మేడమ్, బాబుకి ఏడో నెల వచ్చింది, కొబ్బరి పెట్టొచ్చా?" అని. పక్కన కూర్చున్న అమ్మమ్మగారేమో "వద్దమ్మా, దగ్గొస్తది" అంటారు, నానమ్మగారేమో "మేం పెట్టలేదా, మా వాడికేమైంది" అంటారు, మధ్యలో ఆ అమ్మాయి నలిగిపోతా ఉంటుంది.

పెట్టొచ్చండి. ఆరు నెలలు నిండి, అన్నం పప్పు మెత్తగా తినడం మొదలెట్టాక కొబ్బరి నిక్షేపంగా పెట్టొచ్చు. కాకపోతే అది అన్నంలోకి తోడుగా వెళ్ళాలి. నేను చూసే ఇబ్బందులన్నీ కొబ్బరిని ఇంకోదాని బదులు పెట్టడం దగ్గరే వస్తున్నాయి, పాల బదులు, విరేచనాలప్పుడు నీళ్ళల్లో కలిపి పట్టే ఓఆర్‌ఎస్ పొడి బదులు, ఒక్కోసారి మందు బదులు కూడా.

ముందు ఆరు నెలల లోపు సంగతి. తల్లిపాలు తప్ప ఇంకేం వద్దు, మంచినీళ్ళు కూడా వద్దు అని డబ్ల్యూహెచ్‌ఓ ఎప్పట్నుంచో చెప్తానే ఉంది. మన బెజవాడ ఎండలు తెలిసినవే, రోహిణి కార్తెలో పెద్దాళ్ళమే సొమ్మసిల్లిపోతాం, పసిగుడ్డుకి రెండు చెంచాలు బోండం నీళ్ళు పోస్తే ఏంపోయింది అనిపిస్తుంది. పొయ్యొద్దు. తల్లిపాలల్లో ముప్పావు వంతుకి పైగా నీళ్ళే, దాహానికి ఇంకో రెండుసార్లు పాలు పట్టండి చాలు, ఆ బోండం నీళ్ళు తల్లి తాగితే మంచిది.

ఆరు నిండాక అన్నప్రాశన చేస్తాం. మొదట్లో పిల్ల తినేది రెండు మూడు చెంచాలే, ఎనిమిదో నెల దాటేలోపు మెల్లగా పూటకి అర కప్పు దాకా వస్తుంది. ఆ కాస్త చోటులో ముందు ఐరన్ ఉన్నవి పడాలి, ఎందుకంటే పుట్టినప్పుడు ఒంట్లో దాచుకొచ్చిన ఐరన్ ఈ టైముకి అయిపోతా ఉంటుంది. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో వందకి 67 మందికి రక్తం తక్కువుందని తేలింది. అందుకే పప్పు, ఆకుకూర, తినేవాళ్ళైతే గుడ్డు, మెత్తగా నలిపిన చికెన్ లివర్, వీటిని పక్కకి నెట్టి కొబ్బరి రాకూడదు, వాటిమీద ఒక చెంచాగా రావాలి.

ఎలా చెయ్యాలో చెప్తా, చాలామంది ఇక్కడే తడబడతారు. కొట్టగానే కాయ వాసన చూడండి, జిడ్డు కంపు వచ్చినా, లోపల ఎక్కడైనా మచ్చ ఉన్నా పిల్లకి వద్దు. తెల్ల భాగం మాత్రమే తురమండి, వెనకున్న గోధుమరంగు పొట్టు రాకుండా. గుప్పెడు కోరు, కాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్ళు కొంచెం, మిక్సీలో మెత్తగా తిప్పి, ఉతికి ఎండలో ఆరేసిన పల్చటి నూలు గుడ్డలో పోసి పిండండి. మొదట దిగే చిక్కటి పాలు ఒక చెంచా, అరగంట ముందే మెత్తగా ఉడికించి నలిపిన పెసరపప్పు అన్నంలో కలపండి, అంతే. స్టవ్ మీద పెట్టి తెర్లించొద్దు, విరిగిపోతాయి. ఉప్పు, పంచదార, బెల్లం వెయ్యకండి, తేనె అయితే ఏడాది లోపు చుక్క కూడా వద్దు. ఏ పూటకాపూట చేస్కోండి, ఈ ఉక్కకి కొబ్బరిపాలు మధ్యాహ్నానికే పులిసిపోతాయి. గుడ్డలో మిగిలిన పిప్పి పిల్లకి పెట్టకండి, అది మీ కూరలో వేస్కోండి.

లేత కొబ్బరి ఇంకా సుళువు. బోండం బండాయనకి "మీగడ కాయ ఇవ్వండి" అంటే ఆయనే తట్టి చూసి ఇస్తాడు. ఆ మీగడ జారుడుగా ఉంటుంది కదా, ముక్కగా నోట్లో పెడితే నమలకుండానే గొంతులోకి జర్రున పోతుంది, అందుకని చెంచాతో పూర్తిగా నలిపి, అరటిపండుతో కలిపి పెట్టండి. గట్టి కొబ్బరి ముక్క మాత్రం చేతికివ్వద్దండీ, పళ్ళొస్తున్నాయి నములుతాడులే అని గుడిలో ప్రసాదం ముక్క ఇస్తారు, ఆ ముక్క విరిగి ఊపిరి గొట్టంలో పడితే ఆస్పత్రికి వెళ్ళే టైము కూడా ఉండదు. నాలుగేళ్ళ దాకా గట్టి ముక్కలు వద్దు. అమ్మమ్మగారు "దగ్గొస్తది" అన్నదాంట్లో కూడా నాకు ఇదే కనపడుతుంది, బరకగా ఉన్న కోరు పిల్లల గొంతులో గుచ్చుకుంటుంది, దగ్గుతారు. మెత్తగా చేస్తే ఆ గొడవ లేదు. కాస్త పెద్దయ్యాక, తొమ్మిది పది నెలలప్పుడు, మిర్చీ ఉప్పూ లేని పచ్చడి మెత్తగా రుబ్బి ఇడ్లీలో నలిపి పెట్టొచ్చు, అప్పుడు డైపర్‌లో చిన్న తెల్ల తునకలు కనపడతాయి, పురుగులేమో అని ఫోన్‌లో ఫోటోలు తీసి నాకు చూపిస్తారు, చాలాసార్లు అది అరగని కొబ్బరి పీచే. కదిలితే మాత్రం డాక్టర్‌కి చూపించండి!

ఇక పాల బదులు అన్నది. ఆవుపాలు పడట్లేదనో, యూట్యూబ్‌లో చూశాననో సీసాలో కొబ్బరిపాలు పట్టేవాళ్ళున్నారు. తల్లిపాలల్లో కొవ్వు వంద మిల్లీలకి 4 గ్రాములు అటూ ఇటుగా ఉంటే, నీళ్ళు కలపని కొబ్బరిపాలల్లో 20 గ్రాములు దాటుతుంది, కాల్షియం చూస్తే తక్కువ. కడుపు నిండిపోతుంది, కావాల్సినవి అందవు. "తల్లిపాలల్లో ఉండే లారిక్ యాసిడ్ కొబ్బరిలోనూ ఉంది, రెండూ ఒకటే" అని వాట్సాప్‌లో తిరుగుతుంది చూడండి, ఉన్న మాట నిజమే, కొబ్బరి నూనెలో దాదాపు సగం ఈ రకం కొవ్వే, కానీ తల్లిపాల కొవ్వులో అది చిన్న వాటా. మెదడుకి పనికొచ్చే డీహెచ్‌ఏ అనే కొవ్వు కొబ్బరిలో లేదు. ఏడాది దాకా తాగే పాలు అంటే తల్లిపాలు, లేదంటే డాక్టర్ రాసిచ్చిన ఫార్ములా.

ఓఆర్‌ఎస్ బదులు బోండం, ఇది ఎండాకాలంలో నన్ను బాగా భయపెట్టే విషయం. విరేచనాలు పట్టుకున్న పిల్లకి పోయేది నీళ్ళొక్కటే కాదు, సోడియం కూడా పోతుంది, బోండంలో పొటాషియం దండిగా ఉంటుంది గానీ సోడియం చాలదు, పైగా కాయ కాయకీ మారుతుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కొలత పెట్టి చేసింది, పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, మొత్తం ఒకేసారి కలపాలి, సగం ఇప్పుడు సగం రేపు అని కుదరదు. రెండేళ్ళ లోపు పిల్లకి విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మిల్లీలు, చెంచాతో కొంచెం కొంచెంగా. షాపులో ఓఆర్‌ఎస్ అనే పేరు తగిలించి అమ్మే తియ్యటి జ్యూస్ డబ్బాలు తీస్కోకండి, 2025 అక్టోబర్‌లో తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ కూడా ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. పిల్ల నీరసంగా పడుంటే, ఆరేడు గంటలు ఉచ్చ పొయ్యకపోతే ఇంట్లో వైద్యాలు ఆపి ఆస్పత్రికి వెళ్ళండి.

నూనె గురించి రెండు మాటలు. పిల్ల అన్నంలో అర చెంచా వెయ్యొచ్చు, నెయ్యి వేసినట్టే. మన వైపు కొబ్బరి నూనె అంటే తలకే, అందుకే సీసా మీద తినడానికి పనికొస్తుందని, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉందో లేదో చూడండి, వాసన కలిపిన తల నూనె కాదు. చిన్న సీసాల్లో అమ్మే కొబ్బరి నూనె వంట నూనా తల నూనా అని పన్ను తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది లెండి, 2024 డిసెంబర్‌లో వంటనూనెగానే లెక్కగట్టొచ్చు అన్నారు. ఒళ్ళంతా రాసి నలుగు పెట్టడం, స్నానం, మీ ఇష్టం. మందు బదులు అని ముక్కులో చుక్క వెయ్యడం మాత్రం ఆపండమ్మా, దయచేసి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమోనియా అవుతుంది, మామూలు యాంటీబయాటిక్‌తో పోయేది కాదది. అమ్మమ్మలు ప్రేమతోనే వేస్తారు, నాకు తెలుసు.

ఎలర్జీ అడిగారు. కొబ్బరికి ఎలర్జీ చాలా అరుదు. అమెరికాలో ఆహారం, మందుల సంగతి చూసే ఎఫ్‌డీఏ ఇన్నాళ్ళూ దాన్ని బాదం, జీడిపప్పులతో కలిపి ఎలర్జీ తెచ్చేవాటి లిస్టులో పెట్టి, 2025 జనవరిలో తీసేసింది. అయినా కొత్తది ఏది పెట్టినా పొద్దున పూట, ఒక్క చెంచాతో, దాంతోపాటు ఇంకో కొత్తది కలపకుండా, మూడు రోజులు చూడండి. మూతి చుట్టూ కాస్త ఎర్రబడటం ఒరుసుకున్నా వస్తుంది, కంగారు లేదు. ఒంటి మీద దద్దుర్లు, పెదాలు వాయడం, ఆగకుండా వాంతులు, ఆయాసం కనపడితే 108కి ఫోన్ చెయ్యండి. బాగా గజ్జిలా ఎగ్జిమా ఉన్న పిల్లలైతే ముందే డాక్టర్‌ని అడగండి.

చీటీలో ఒకరు కొబ్బరి పువ్వు గురించి రాశారు, బళ్ళ మీద అమ్ముతారే, మొలకెత్తిన కాయలోది. మెత్తగానే ఉంటుంది, ఏడాది దాటాక నలిపి కొద్దిగా పెట్టొచ్చు, కాకపోతే పొద్దున కోసి ఈగల మధ్య పెట్టింది కాకుండా, మీ కళ్ళ ముందు కొట్టించుకున్నది. లౌజు గురించి ఇంకో చీటీ ఉంది, అది రెండేళ్ళు నిండాక, అప్పటిదాకా పెద్దాళ్ళే తినేయండి. మైకు ఆ వెనక వరసలో పచ్చ చీర అమ్మాయికి ఇవ్వండి, ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉంది.