ఆరేళ్లు వేపచెట్టు కింద పడున్న చిన్న ట్రాక్టర్: తాళం తిప్పే ముందు ఏం చేయాలి?

[దృశ్యం: వేపచెట్టు కింద చిన్న ట్రాక్టర్. బానెట్ మీద ఎండుటాకులు. సీటు చిరిగి స్పాంజి బయటికొచ్చింది. స్టీరింగ్ కింద నుంచి ఒక కోడి దూకి వెళ్లిపోతుంది.]

నమస్తే. ఈ బండి ఇక్కడ నిలబడి ఆరేళ్లు. చెడిపోయి ఆగలేదు, నడుచుకుంటూ వచ్చి నిలబడింది. ఆ రోజు నాయిన తాళం తీసి గూట్లో పెట్టాడు. తర్వాత పెద్ద ట్రాక్టర్ వచ్చింది, దీన్ని అందరం మర్చిపోయాం, కోళ్లు తప్ప. మొన్న పాత ఇనుప సామాను కొనే అతను వచ్చి చుట్టూ ఒక రౌండ్ వేసి కిలోల లెక్కన రేటు చెప్పాడు. అది విన్నాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

పని చేసి అరిగిన బండి వేరు, నిలబడి పాడైన బండి వేరు. అరిగిన దానికి సిలిండర్ బోరు పని, కొత్త పిస్టన్లు, లేత్ మిషన్ ఖర్చు తప్పదు. నిలబడి పాడైన దాని లోపల సామాను చాలావరకు మంచిగానే ఉంటుంది. దాంట్లోకి చేరకూడనివి చేరుతాయి: నీళ్లు, తుప్పు, ఎలుకలు, పాచి. వాటిని బయటికి తీసేదాకా తాళం జోలికి పోకూడదు. ఈ వీడియో మొత్తం ఆ పని గురించే.

[దృశ్యం: బత్తాయి తోట. రెండు వరసల మధ్య నడుస్తూ.]

ఈ చిన్న బండి ఎందుకంత ముఖ్యమో తోటలోకి వస్తే తెలుస్తుంది. మాది నల్గొండ జిల్లా గుర్రంపోడు వైపు, చెల్క నేల, బత్తాయి. చెట్లు పెద్దవైతే కొమ్మలు కిందికి వాలతాయి. యాభై హెచ్‌పీ ట్రాక్టర్ వరసలోకి పోతే అటు కొమ్మ విరుగుతుంది, ఇటు కాయ రాలుతుంది. బత్తాయికి ఆహారం తీసుకునే సన్న వేళ్లు పైపైనే ఉంటాయి, లోతుగా దున్నితే అవి తెగుతాయి. పద్దెనిమిదిన్నర హెచ్‌పీ బండి, దాని వెనక చిన్న గుంటకో రోటావేటరో అయితే కొమ్మ కిందికి వంగి దూరిపోతుంది.

అమెరికాలో గార్డెన్ ట్రాక్టర్ అంటే కథ వేరు. అక్కడ 1961లో కబ్ క్యాడెట్, 1963లో జాన్ డీర్ 110 వచ్చాయి. రెండూ ఏడు హెచ్‌పీ పెట్రోలు ఇంజిన్లు, ఎక్కువగా ఇంటి ముందు గడ్డి కోయడానికి. వాటిని ఇంట్లోనే విప్పి బాగు చేసుకునే వీడియోలు చాలా ఉన్నాయి. చూడండి, కానీ యథాతథంగా మన బండి మీద ప్రయోగించకండి. వాళ్లకు కార్బొరేటర్, స్పార్క్ ప్లగ్. పాత పెట్రోలు జిగురులా గట్టిపడి కార్బొరేటర్ రంధ్రాలు మూసేయడం వాళ్ల తలనొప్పి. మనవాటికి ఆ రెండూ ఉండవు, అన్నీ డీజిల్. బెంగళూరులో వీఎస్‌టీ కంపెనీ 1967లో జపాన్ మిత్సుబిషితో కలిసి మొదలైంది. మన తోటల్లో కనిపించే మూడు సిలిండర్ల ‘శక్తి’ బండ్లు ఆ కంపెనీవే. డీజిల్ బండి రోగాలు వేరు, మందులూ వేరు.

[దృశ్యం: ఎయిర్ క్లీనర్ విప్పుతూ, చాలా దగ్గరగా.]

తమ్మీ, ఫోన్ లైట్ ఇటు కొట్టు. ఇంకొంచెం కిందికి.

ఇది ఎయిర్ క్లీనర్. కింద నూనె గిన్నె. గిన్నెలో నూనె గట్టిపడి తారులా అయింది. ఇక్కడ చూడండి, పైపులో... పల్లికాయ పొట్టు, బస్తా పీచు, ఒక ప్లాస్టిక్ తాడు ముక్క. ఎలుక కాపురం. పిల్లల్ని కూడా పెట్టి పోయినట్టుంది.

దీన్ని ఇంత దగ్గరగా చూపించడానికి కారణం నేను చేసిన ఒక తప్పు. మా మామయ్య బండి కూడా ఇలాగే మూడేళ్లు ఆగింది. నేను వెళ్లి, కొత్త బ్యాటరీ పెట్టి, హీరోలా సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు సెకన్ల తర్వాత టక్కుమని శబ్దం. పైపులో ఉన్న పల్లికాయలు లోపలికి లాక్కుని వాల్వు కింద ఇరుక్కున్నాయి, వాల్వుని కదిపే పుష్ రాడ్ వంగింది. హెడ్ విప్పించి, ప్యాకింగ్ మార్పించి, మామయ్య ముందు నెల రోజులు తల దించుకుని తిరిగాను. ఆ చప్పట్లు కొట్టినవాళ్లు మళ్లీ కనిపించలేదు.

సైలెన్సర్ గొట్టం కూడా ఓసారి చూడండి. కందిరీగలు మట్టితో గూడు కడతాయి. మా దాంట్లో అరచేయంత గూడు దొరికింది.

[దృశ్యం: డిప్ స్టిక్ తీసి తెల్ల గుడ్డ మీద తుడుస్తూ.]

ఇంజనాయిల్. నల్లగా ఉంటే భయం లేదు, డీజిల్ ఇంజిన్లో నూనె ఎప్పుడూ నలుపే. పాలు కలిపిన టీలా ఉంటే మాత్రం నీళ్లు కలిశాయి. సైలెన్సర్ మూత లేక వాన నీరు పోయి ఉండొచ్చు, లేదా హెడ్ ప్యాకింగ్ పోయి ఉండొచ్చు. మాది నలుపే. అయినా ఆరేళ్ల నూనె, దించేయాల్సిందే. దించేటప్పుడు మొదటి చుక్కలు గమనించండి. నీళ్లు నూనె కంటే బరువు, ఉంటే ముందు అవే వస్తాయి.

ఇప్పుడు అసలు పరీక్ష. ఇంజిన్ చేత్తో తిరుగుతుందా?

సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే మూడు ఇంజెక్టర్లూ విప్పాను. ఏది ఏ సిలిండర్‌దో టేపు అంటించి నంబర్ వేశాను. ముందే ఫోన్లో పది ఫోటోలు తీసుకున్నాను. రేపు పైపులు తిరిగి బిగించేటప్పుడు మన జ్ఞాపకాన్ని నమ్ముకోకూడదు. ఇంజెక్టర్ రంధ్రాల్లో డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి ఒక్కోదానికి రెండు మూడు చెంచాలు పోసి రెండు రోజులు వదిలేశాను. ఎక్కువ పోస్తే లాభం లేదు, పిస్టన్ రింగుల చుట్టూ చేరితే చాలు.

[దృశ్యం: ముందు పుల్లీ బోల్టు మీద సాకెట్ పానా.]

బోల్టు బిగించే వైపే నెమ్మదిగా తిప్పండి. వెనక్కి తిప్పితే ఇంజిన్ బదులు బోల్టు ఊడొస్తుంది. చూశారా, కదలడం లేదు. ఇక్కడే చాలామంది పానాకి పైపు తొడిగి ఇద్దరు కలిసి వేలాడతారు. వద్దు. రింగు తుప్పుకి అతుక్కుని ఉంటే బలంతో విరుగుతుంది. మళ్లీ నూనె పోసి మూడో రోజు ప్రయత్నించాను, కదల్లేదు. నాలుగో రోజు పొద్దున టీ తాగి వచ్చి చేయి వేస్తే వేలెడంత జరిగింది. ఆ వేలెడు జరిగినప్పుడు వచ్చే సంతోషం ఎలా చెప్పాలో తెలీదు. ముందుకు కొంచెం, మళ్లీ కొంచెం, అలా అరగంటలో పూర్తి రౌండ్ తిరిగింది.

ఇప్పుడు కొత్త నూనె పోసి, ఇంజెక్టర్లు ఇంకా బయటే ఉంచి, రంధ్రాల మీద గుడ్డ కప్పి, పది సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. మనం పోసిన నూనె గుడ్డలోకి చిమ్ముతుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి, లేకపోతే సెల్ఫ్ మోటార్ కాలుతుంది. ఆ నూనె లోపలే ఉంచి ఇంజెక్టర్లు బిగిస్తే, నూనె నలగక ఇంజిన్ ఇరుక్కుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

బ్యాటరీ గురించి రెండు ముక్కలు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, పెట్టేటప్పుడు చివర నెగటివ్. ఫుల్ చార్జ్ అయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపించాలి. చార్జింగ్ పెట్టిన చోట బీడీ వెలిగించకండి, హైడ్రోజన్ వస్తుంది.

[దృశ్యం: గాజు సీసాలో ట్యాంకు నుంచి తీసిన డీజిల్. పైన ఎర్రగా, కింద నీళ్లు, మధ్యలో నల్లటి తెట్టు.]

ఈ సీసాని ఒక నిమిషం కదపకుండా చూద్దాం.

సగం ట్యాంకుతో బండి ఆపితే ఖాళీ భాగంలో గాలి ఉంటుంది. పగలు వేడి, రాత్రి చల్లదనం. గాలిలోని తేమ రేకుకి పట్టి, చుక్కలుగా జారి అడుగున చేరుతుంది. ఆరేళ్ల రాత్రుల నీళ్లు ఇవి. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఈ నల్లటి తెట్టు వాటి పనే. ఇది ఇంజెక్టర్లకి డీజిల్ తోసే పంపులోకి పోతే పని పెద్దదవుతుంది. నల్గొండలోనో మిర్యాలగూడలోనో పంపు పని చేసే షాపుకు మోయాలి. అందుకే ట్యాంకు దించి, కడిగి, ఎండలో ఆరబెట్టి, ఫిల్టర్లు కొత్తవి వేశాను. పాత ఫిల్టర్ కడిగి వాడే అలవాటు ఒకటి ఉంది మనకు, దయచేసి ఈ ఒక్కసారికి మానండి.

కొత్త డీజిల్ పోశాక లైను నిండా గాలి ఉంటుంది. మన మెకానిక్‌ల భాషలో ‘ఎయిర్ పట్టింది’. ఫిల్టర్ మీద ఉన్న స్క్రూ ఒక చుట్టు వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ ఉండండి. ముందు నురగ, తర్వాత బుడగలు, తర్వాత బుడగ లేకుండా గట్టి ధార. ధార వస్తుండగానే బిగించాలి. తర్వాత ఇంజెక్టర్ దగ్గర పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్ కొడితే అక్కడా డీజిల్ వస్తుంది. ఒక్కొక్కటే బిగించుకుంటూ రండి.

ఇంజెక్టర్ దగ్గర వేలు పెట్టొద్దు. సన్నటి ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. బయట సూది గుచ్చినంతే కనపడుతుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. లోపల కండ కుళ్లుతుంది. అలా జరిగితే పసుపు రాసి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి, ‘డీజిల్ లోపలికి పోయింది’ అని చెప్పాలి.

[దృశ్యం: రేడియేటర్ మూత తీసి లోపల చూపిస్తూ. తెల్లటి పొర.]

ఇది మా బోరు నీళ్ల పుణ్యం. వేడి నీళ్ల హీటర్ రాడ్‌కి పట్టే తెల్ల పొర చూసుంటారు, అదే ఇది. నల్గొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పటిక, సున్నం పద్ధతికి నాగ్‌పూర్ శాస్త్రవేత్తలు ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు పెట్టారు, ప్రపంచమంతా ఆ పేరుతోనే చదువుకుంటుంది. కానీ రేడియేటర్‌లో పేరుకునేది ఫ్లోరైడ్ కాదు, సున్నం. ఈ పొర ఉంటే వేడి బయటికి పోదు, మే నెలలో అరగంట దున్నితే బండి ఉడుకుతుంది.

మందు కిరాణా కొట్లోనే ఉంది, నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్. లీటరు వేడి నీళ్లకి యాభై గ్రాములు. మాది పాత ఇత్తడి రేడియేటర్, విప్పి ఒక గంట నానబెట్టాను. అల్యూమినియంది అయితే అంతసేపు వద్దు. తర్వాత మూడుసార్లు కడిగి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోశాను. బోరు నీళ్లు మళ్లీ ముట్టనివ్వను.

[దృశ్యం: స్టార్ట్ చేసే ముందు. టైర్ల కింద రాళ్లు. పక్కన మందపాటి చెక్క.]

గేరు న్యూట్రల్. పిల్లలు అవతలికి. తాళం హీటర్ వైపు తిప్పి పదిహేను సెకన్లు, స్టార్ట్ అయ్యే ముందు ఇంజిన్ లోపల వేడి చేసేది అదే. ఇంజిన్లోకి స్టార్టింగ్ స్ప్రేలు, పెట్రోలు గుడ్డలు చూపించకండి. హీటర్ ఉన్న ఇంజిన్లో అది లోపలే పేలుతుంది.

ఈ చెక్క ఎందుకంటే, లోపల మిగిలిన నూనెని ఇంజిన్ తాగడం మొదలుపెడితే తాళం తీసినా ఆగదు, రేసు పెరుగుతూనే పోతుంది. అప్పుడు గాలి పైపు మూతి మీద చెక్క అడ్డం పెట్టాలి. చేయి పెట్టకూడదు.

[శబ్దం: సెల్ఫ్. ఆగుతుంది. మళ్లీ సెల్ఫ్. ఒక సిలిండర్ పలుకుతుంది, తర్వాత మూడూ. తెల్ల పొగ.]

ఆయిల్ లైటు ఆరింది! అది ఆరకపోతే వెంటనే ఆపేయాలి. తెల్ల పొగ కాసేపు వస్తుంది, పర్లేదు. డైనమో చార్జింగ్ 14 వోల్టుల దగ్గర ఉంది.

కానీ క్లచ్ తొక్కి గేరు వేస్తే గరగరా. ఆరు వానాకాలాల తేమకి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి, అంటే ఇంజిన్ వెనకుండే బరువు చక్రానికి, అతుక్కుపోయింది. గేరులో పెట్టి స్టార్ట్ చేసి కుదిపే పద్ధతి ఒకటి ఉంది, ఇంటి గోడ పక్కన నేను చేయను. ఇంజిన్ వేడెక్కనిచ్చి, ఆపి, క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కి సీటు రేకుకీ పెడల్‌కీ మధ్య తుమ్మ కర్ర బిగించాను. బండి నెలల తరబడి ఆపేటప్పుడే ఈ కర్ర పెట్టి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ట్యాంకు నిండా డీజిల్, సైలెన్సర్ మీద డబ్బా, పెడల్‌కి కర్ర. మేం ఈ మూడూ చేయలేదు.

రంగు గురించి కామెంట్లలో అడుగుతారని తెలుసు. తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టాను, అంతే. బ్రేకులు సరిగ్గా పట్టేదాకా మెరుపు వద్దు. ఆర్‌సీ మాత్రం తీసి చూసుకోండి, గడువు 15 ఏళ్లే. తర్వాత రెన్యువల్ చేయించాలి.

[దృశ్యం: మర్నాడు పొద్దున. పొగమంచు. కర్ర తీస్తూ.]

రాత్రి రెండు గంటలకు ‘టప్’మని చప్పుడు వినిపించిందని అమ్మ చెప్పింది. పిల్లి అనుకుందట. చూద్దాం. క్లచ్... ఫస్ట్ గేరు... పడింది. చప్పుడు లేకుండా పడింది!

[దృశ్యం: ట్రాక్టర్ వేపచెట్టు కింద నుంచి పది అడుగులు ముందుకు వచ్చి ఆగుతుంది. ఇంటి వైపు నుంచి నాయిన నవ్వుతూ వస్తున్నాడు, చేతిలో నిండు బిందె.]

ఆగు, ఆగు నాయినా, అది బోరు నీళ్లా? తమ్మీ, కెమెరా పక్కన పెట్టి ముందు ఆ బిందె అందుకో!