హరిదాసు ఒక్కడే ఎన్ని పనులు చేస్తాడు?

(కోటిపల్లి రేవు. వెనక పంటు బయల్దేరుతోంది.)

నమస్తే అండీ. పంటు, అంటే మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పెద్ద పడవ, దాని మోత వినిపిస్తే ఏమీ అనుకోకండి, ఇంతకంటే మంచి చోటు దొరకలేదు.

మొన్న ఒక నాటక వర్క్‌షాప్‌కి వెళ్లాను. కదలిక, ధ్వని, రచన మూడూ ఒకే మనిషి చేయడం సరికొత్త ప్రయోగమని గంటసేపు చెప్పారు. శ్రీరామనవమి పందిట్లో మనం చూస్తున్నదేమిటండీ మరి? ఆ మాటే అడిగితే, ‘హరికథా? అది భక్తి కార్యక్రమం కదా’ అన్నారు. అదిగో, అక్కడే నాకు ఒళ్లు మండుతుంది.

గోదావరి మధ్య దిబ్బ, అదే లంక, అందులోకి వెళ్లే చిన్న నాటు పడవ చూసుంటారు. గెడ, అంటే పడవని తోసే పొడుగాటి కర్ర, వేసేదీ, దారి చూసుకునేదీ, అడుగున ఊరిన నీళ్లు తోడేదీ ఒక్కడే. హరిదాసు ఆ పడవవాడు. గజ్జెలూ చిడతలూ గెడ అనుకోండి, కథని తోసేది ఆ లయే. పాట గాలివాటం. రచన దారి. మధ్యలో పిట్టకథ చెప్పి జనాన్ని నవ్విస్తాడే, అది లంకలో కాసేపు ఆగడం. ఆగినవాడు మళ్లీ సరిగ్గా అదే పాయలోకి రావాలి. రాలేనివాళ్లనీ చూశాను, పాపం, లంకలోనే తెల్లారిపోయింది.

ఇప్పుడు హరికథా పితామహుడు అనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసు గారి దగ్గరికి వద్దాం. 1864లో బొబ్బిలి దగ్గర అజ్జాడలో పుట్టారు. మన గోదావరి మనిషి కాదు, ఏం చేస్తాం! 1883లో విజయనగరంలో ఒక హరికథ విన్నారు. ఆ ఏడే తన మొదటి హరికథ, ధ్రువచరిత్ర, తనే రాసి తనే గజ్జె కట్టి చెప్పారు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండలేదు.

నాకు బాగా నచ్చేది ఆయన మంజరి. ద్విపద అంటే రెండేసి పాదాల పద్యం, రెండు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలి, అదే ప్రాస. ఆ నియమం తీసేస్తే మంజరి. ఆయన హరికథల్లో అది కనిపిస్తుంది. ప్రాస కోసం మాట వెతుక్కుంటూ ఆగక్కర్లేదు, కాబట్టి కాలూ ఆగక్కర్లేదు. పద్యానికీ మనిషికీ కూడా పాదమే అంటాం చూడండి, ఆయన రెండో పాదంతో మొదటిది రాశారని నా అనుమానం. గెడవాడే దారి గీసుకున్నాడన్నమాట.

ఇక ఆయన పంచముఖి. రెండు చేతులు, రెండు కాళ్లు, తల. ఐదింటితో ఒకేసారి ఐదు వేర్వేరు తాళాలు వేసేవారు. ఇక్కడ నా పడవకి చిల్లు పడింది, ఒప్పుకుంటాను. ఐదు గెడలు వేసే పడవవాడు లేడు.

బ్యాటరీ ఎర్రగా మెరుస్తోంది, మిగతాది గబగబా. 1919లో విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఉమర్ ఖయ్యాం రుబాయీలని, అంటే నాలుగు పాదాల పద్యాలని, పారసీ నుంచి సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ తెచ్చారు. అది వేరే వీడియో. 1945లో పోయారు. మన వైపు కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది. అక్కడ ఎందరో ఆడపిల్లలు ఈ విద్య నేర్చుకున్నారు. వెళ్లి చూడండి.

వెళ్లేలోపు ఒక పని. కుడిచేత్తో మూడు, ఎడమచేత్తో నాలుగు దెబ్బలు ఒకే వ్యవధిలో వేస్తూ, పొద్దున ఏం తిన్నారో పక్కవాళ్లకి చెప్పండి. నేను ఇడ్లీ దగ్గరే మునిగిపోయాను.