మూసీలో పడిన కవర్ ఏ తీరానికి చేరుతుంది?

అందరికీ నమస్కారం.

ఈ గాజు జాడీలో లీటరు నీళ్లున్నాయి, అందులో 35 గ్రాముల ఉప్పు కలిపి ఉంది. సముద్రపు నీరు దాదాపు ఇంతే ఉప్పగా ఉంటుంది. మంచినీళ్ల బాటిల్ నుంచి కత్తిరించిన ముక్కను ఇందులో వేస్తున్నాను, చూడండి: మునిగిపోయింది. అదే బాటిల్ మూత వేస్తే తేలుతోంది. బాటిల్ పెట్ (PET) అనే రకం ప్లాస్టిక్, ఉప్పునీటి కన్నా బరువు. మూత పాలిథిలీనో పాలిప్రొపిలీనో, నీటికన్నా తేలిక. మూత బిగించిన ఖాళీ బాటిల్ మాత్రం లోపలి గాలి వల్ల ఎంతో దూరం పోగలదు. మూత ఊడి నీళ్లు నిండాయంటే అడుగుకు చేరినట్టే.

మన నాలాల నీరు మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దారిలో ఆనకట్టల వెనక కొంత చెత్త ఆగుతుంది, గేట్లు ఎత్తినప్పుడు వరదతో కిందికి పోతుంది. ప్రకాశం బ్యారేజీ దాటితే ఇక సముద్రమే.

అక్కడి నుంచి ఎటు? అది నెలను బట్టి ఉంటుంది. మన తూర్పు తీరం వెంబడి సాగే ప్రవాహం ఏడాదిలో దిశ మార్చుకుంటుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఒడిశా వైపు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తమిళనాడు, శ్రీలంక వైపు. కృష్ణకు వరదలు ఎక్కువగా ఆగస్టు, అక్టోబరు మధ్య వస్తాయి కనుక, ఆ చివరి వరదల్లో కొట్టుకుపోయిన మన కవర్లకు దక్షిణపు దారే దొరుకుతుంది. తీరంలో వల వేసే మత్స్యకారుడికి చేపలతో పాటు అవీ వస్తాయి. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది.

చెత్త దీవి ఉందని చెప్పుకునే ఉత్తర పసిఫిక్ సంగతి వేరు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో పైపొర నీరు మొత్తంగా గాలికి కుడివైపు జరుగుతుంది. అక్కడ దక్షిణాన తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు, ఉత్తరాన పడమర నుంచి వీచే పశ్చిమ పవనాలు రెండు వైపుల నుంచీ నీటిని నడుమకు నెడతాయి. నీరు కిందికి దిగిపోతుంది, తేలేవి పైనే మిగిలిపోతాయి. 2018 నాటి ఒక అంచనా ప్రకారం అక్కడ 16 లక్షల చదరపు కిలోమీటర్లలో 79,000 టన్నుల ప్లాస్టిక్ ఉంది, బరువులో సగానికి కాస్త తక్కువ చేపల వలలే. భాగించి చూడండి: చదరపు కిలోమీటరుకు 50 కిలోలు కూడా లేదు. దాన్ని చెత్త దీవి అనడం తప్పు. దీవే అయితే ఏరడం తేలికయ్యేది!

బంగాళాఖాతంలో గాలులు రుతువుతో మారతాయి కాబట్టి చెత్తను ఏళ్ల తరబడి పట్టి ఉంచే అలాంటి శాశ్వత సుడి లేదు. చాలా భాగం ఏదో ఒక ఒడ్డుకు కొట్టుకొస్తుంది. పల్చటి కవర్లకు నాచు, నత్తలు పట్టి బరువెక్కి కొన్ని మునుగుతాయి. ఎండకు పెళుసెక్కి చిట్లిన ముక్కలు 5 మిల్లీమీటర్ల లోపుకు వస్తే మామూలు చేపల వలలకు చిక్కవు.

అందుకే నాలా దగ్గరే పట్టాలి. తేలే అడ్డుకట్టను నాలాకు సూటిగా అడ్డంగా కట్టకండి, ప్రవాహం జోరెక్కగానే చెత్త దాని కిందినుంచి దూరిపోతుంది. ఏటవాలుగా కడితే చెత్త ఒక గట్టుకు జరుగుతుంది, అక్కడ తీయడం సులువు. రోజూ తీయాలి, వాన రోజుల్లో రెండు పూటలా. ఇందాక మునిగిన ముక్క లాంటివి ఈ అడ్డుకు దొరకవు, పూడికలోనే ఉంటాయి. తీసిన పూడికను గట్టు మీదే వదిలేస్తే తొలి వానకే తిరిగి నాలాలో పడుతుంది. నీరు ఓడగానే లారీకెత్తించాలి, అదీ జూన్ రాకముందే.