మన అక్షరాన్ని మనమే పరీక్షించుకుందాం: ప్రివ్యూ విండోస్ వాడి చూడటం ఎలా?

[తెర మీద: తెల్ల కాగితం, మధ్యలో పెద్దగా 'జ్ఞా']

ఈ అక్షరం చూడండి. జ్ఞానంలో ఉంది, జ్ఞాపకంలో ఉంది. 2018 ఫిబ్రవరిలో ఇది ఒక ప్రత్యేకమైన వరుసలో మెసేజ్‌లోకి వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ అక్కడికక్కడే మూతపడిపోయేది. జ, పొల్లు, ఞ, దీర్ఘం, మధ్యలో కంటికి కనపడని ఒక యూనికోడ్ గుర్తు. యూనికోడ్ అంటే ఏ అక్షరానికి ఏ నంబరో కంప్యూటర్లన్నిటికీ ఒకేలా చెప్పే పట్టిక. ఆ వరుసను తెర మీద గీయలేక సిస్టమ్ కూలిపోయేది. ఆపిల్ ఆ నెల 19న ఐఫోన్ సిస్టమ్ కొత్త వెర్షన్ ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో మాత్రం ఆ తప్పు లేదు.

ఇలాంటి తప్పు ఇంగ్లీషు మాత్రమే టైపు చేసేవాళ్ల కంట పడదు. మన కంటే పడాలి. ఈ వీడియో అందుకే.

[తెర మీద: షాపు లోపల, రెండు శుభలేఖలు పక్కపక్కన]

నమస్కారమండీ. నాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇక్కడ చిన్న డీటీపీ షాపు నాది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. పెళ్లికూతురు అటు, పెళ్లికొడుకు ఇటు. అందుకే కార్డు ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు ఒడియాలో కొడతాం. ఒక్క ఒత్తు తప్పు పడినా రెండు వందల కార్డులు మళ్లీ వేయాలి.

ప్రివ్యూ అంటే అందరికీ ఇవ్వకముందే కొత్త సిస్టమ్‌ను వాడి చూడమని ఇచ్చే కాపీ. మైక్రోసాఫ్ట్ 2014 అక్టోబరు 1న విండోస్ 10 ప్రివ్యూతో ఈ ఇన్‌సైడర్ పద్ధతి మొదలుపెట్టింది. ఇన్‌సైడర్లంటే ఇలా ముందుగా వాడి చూసేవాళ్లు. మొదట్లో ఫాస్ట్, స్లో అని రింగులు ఉండేవి. 2020లో వాటిని డెవ్, బీటా, రిలీజ్ ప్రివ్యూ అనే ఛానెళ్లుగా మార్చారు. 2023లో కానరీ వచ్చి చేరింది. కానరీలో వచ్చేది పచ్చి సరుకు, రిలీజ్ ప్రివ్యూలో వచ్చేది దాదాపు పండినది. మొదటిసారి చేసేవాళ్లు రిలీజ్ ప్రివ్యూతో మొదలుపెట్టండి. పేర్లు మారుతూ ఉంటాయి కాబట్టి సెట్టింగ్స్‌లో ప్రతి ఛానెల్ కింద రాసింది చదివాకే నొక్కండి.

[తెర మీద: షాపులో రెండు కంప్యూటర్లు. ఒకదాని మీద 'ఇది ముట్టొద్దు' అని కాగితం]

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. మీకు అన్నం పెట్టే మెషీన్ మీద ప్రివ్యూ వేయకండి. నేను వేశాను. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఒక కొత్త సిస్టమ్ ప్రివ్యూ. మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. పొద్దున్నే ఆన్ చేస్తే ప్రింటర్ కనపడలేదు. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, కేబుల్ మార్చాను, ఏం చేసినా రాలేదు. పాతపట్నం నుంచి పెద్దాయన వచ్చి బల్ల దగ్గర నిలబడి "బాబూ, కార్డులు ఇవాళ పంచకపోతే ముహూర్తానికి అందవు" అన్నారు. ఆ టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తే. పక్క వీధి షాపుకు పరుగెత్తి అక్కడ ప్రింటు తీయించి ఇచ్చాను.

వెనక్కి వెళ్లడం కూడా అంత తేలిక కాదు. అప్‌డేట్ అయ్యాక మామూలుగా పది రోజుల్లోపు పాత వెర్షన్‌కు తిరిగే అవకాశం ఉంటుంది. ఆ గడువు దాటాక, ముఖ్యంగా డెవ్, కానరీల నుంచి బయటపడాలంటే, విండోస్‌ను మొదటినుంచి కొత్తగా వేసుకోవాల్సిందే. అందుకని ముందే మీ ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్ తీసి పక్కన పెట్టండి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో మామూలు విండోస్ కూడా సిద్ధం చేసుకోండి. ప్రివ్యూలకు గడువు తేదీ ఉంటుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ గడిలో విన్‌వర్ (winver) అని కొడితే అది కనిపిస్తుంది.

రెండో కంప్యూటర్ లేకపోతే, ఉన్న కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, దాని లోపలే ప్రివ్యూ నడపొచ్చు. విండోస్‌కు బదులు వాడే ఉచిత సిస్టమ్ ఉబుంటు అయితే ఇంకా సులువు. ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో కొత్తది వస్తుంది, దానికి ముందు బీటా వస్తుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, హార్డ్ డిస్క్ జోలికి పోనక్కర్లేదు.

ఇక చేరడం. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, విండోస్ ఇన్‌సైడర్ ప్రోగ్రామ్. మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. ఆప్షనల్ డయాగ్నస్టిక్ డేటా కూడా ఆన్ చేయమంటుంది, అంటే మీ వాడకం గురించి అదనపు సమాచారం వాళ్లకు వెళుతుంది. జిరాక్సు, డీటీపీ షాపులవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించండి. మన దగ్గర కస్టమర్ల ఆధార్ స్కాన్లు ఉంటాయి. పరీక్షకు పెట్టిన మెషీన్‌లో అలాంటివి ఒక్కటి కూడా ఉండకూడదు.

[తెర మీద: నోట్‌ప్యాడ్, 'స్త్రీ'. బ్యాక్‌స్పేస్ ఒక్కోసారి నొక్కుతూ నెమ్మదిగా చూపించాలి]

ఇప్పుడు అసలు పని. 'స్త్రీ' అని కొట్టాను. మనకిది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. బ్యాక్‌స్పేస్ ఒకసారి నొక్కితే ఏం పోయిందో చూడండి. కర్సర్ అక్షరం మధ్యలో ఇరుక్కుందా? వరుస చివరికి వచ్చినప్పుడు ఒత్తు విడిపోయిందా? తర్వాత 'లక్ష్మి', 'రాజ్యలక్ష్మి', 'జ్ఞాపిక'. ఫైలుకు తెలుగులో పేరు పెట్టి సెర్చ్‌లో వెతకండి. పీడీఎఫ్ చేసి, అందులోంచి మళ్లీ కాపీ చేసి చూడండి. అక్షరాలు చెదిరేది ఎక్కువగా అక్కడే.

తెలుగు, ఒడియా సహా పది భారతీయ భాషల ఫొనెటిక్ కీబోర్డులు, అంటే ఇంగ్లీషు అక్షరాలతో కొడితే మన లిపిలో పడేవి, విండోస్ 10 మే 2019 అప్‌డేట్‌తో వచ్చాయి. అవీ ముందు ఇన్‌సైడర్ల చేతుల్లో నలిగాకే అందరికీ అందాయి. మా జిల్లాలో సవరలు కూడా ఉన్నారు. 1936లో మంగేయి గొమాంగో వాళ్ల భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. విండోస్‌లోని నిర్మలా యూఐ ఫాంట్‌లో ఆ అక్షరాలూ ఉన్నాయి. అవి సరిగ్గా పడుతున్నాయో లేదో చెప్పగలిగేది ఆ లిపి చదవడం వచ్చినవాళ్లే. మీకు తెలిసినవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించండి.

తప్పు కనపడితే విండోస్ కీ, ఎఫ్ కలిపి నొక్కండి. ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది. మనం చూసిన తప్పులు మైక్రోసాఫ్ట్‌కు రాసేది, ఇంకొకరు రాసినదానికి ఓటు వేసేది ఈ యాప్‌లోనే. 2018 అక్టోబరు అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫైళ్లను చెరిపేసింది. మైక్రోసాఫ్ట్ దాన్ని మధ్యలో ఆపి, నవంబరు 13న మళ్లీ విడుదల చేసింది. బాధ కలిగించేది ఏంటంటే, కొందరు ఇన్‌సైడర్లు ఆ సంగతి ముందే రాశారు. ఓట్లు తక్కువ పడటంతో అది ఎవరి దృష్టికీ రాలేదు. ఆ తర్వాతే, సమస్య ఎంత తీవ్రమో చెప్పే గడి ఫీడ్‌బ్యాక్ హబ్‌లో పెట్టారు. అందుకని ముందు వెతకండి. అదే తప్పు ఇంకెవరైనా రాసి ఉంటే దానికే ఓటు వేయండి. లేకపోతే మీరు రాయండి: ఏ యాప్, ఏం టైపు చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది. స్క్రీన్‌షాట్ పెట్టండి. 'తెలుగు సరిగా రావట్లేదు' అని ఒక్క ముక్క రాస్తే అటువైపు ఉన్నవాళ్లకు ఏమీ అర్థం కాదు.

[తెర మీద: పరీక్ష కాగితం, చేతిరాతతో]

ఇది నా పరీక్ష కాగితం. ఇందులో పన్నెండు తెలుగు మాటలు, ఎనిమిది ఒడియా మాటలు ఉన్నాయి. కింది సగం ఖాళీగా వదిలాను. రాయగడ, కొరాపుట్, బరంపురం వైపు ఉన్నవాళ్లు మీ ఇంటిపేర్లు అక్కడ చేర్చుకోండి. శుభలేఖ చేతికి రాగానే పెద్దవాళ్లు ముందు చూసేది వాటినే.