నమిలేది వక్క కాదు

అందరికీ నమస్కారం. గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల చుట్టూ తిరిగి అలసిపోయిన కుటుంబాలే ఇక్కడ ఎక్కువ. అందుకని నేరుగా విషయానికి వస్తాను.

నా దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చేవారు. పద్దెనిమిదేళ్లుగా మానసిక జబ్బుకు మాత్రలు వాడుతున్నారు. కేకలు, అనుమానాలు ఎప్పుడో తగ్గాయి. కానీ పెదవులు చప్పరిస్తూనే ఉంటాయి, నాలుక బయటికి వచ్చి పోతుంటుంది. ఒక పెళ్లిలో బంధువొకాయన ‘అక్కయ్యా, ఆ వక్కపొడి నాకూ కాస్త పెట్టు’ అన్నారట. ఆవిడ పెళ్లిళ్లకు వెళ్లడమే మానేశారు. నోట్లో వక్క లేదు, ఏమీ లేదు. నిద్రలో ఆ కదలిక ఆగిపోతుంది, నలుగురిలో ఎక్కువవుతుంది.

దీని పేరు టార్డివ్ డిస్కినీసియా. టార్డివ్ అంటే ఆలస్యంగా వచ్చేది, డిస్కినీసియా అంటే అదుపులేని కదలిక. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజీన్‌తో ఈ మానసిక జబ్బు మందుల కాలం మొదలైతే, ఈ బాధకు ఆ పేరు పెట్టేసరికి 1964 వచ్చింది. పేరు కూడా ఆలస్యమే!

ఈ మందులు మెదడులో కణాల మధ్య సందేశాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలను ఏళ్ల తరబడి మూసి ఉంచుతాయి. దాంతో అవి మరీ సున్నితమై, కొద్దిపాటి డోపమైన్‌కే రెచ్చిపోతాయని ఒక ప్రధాన వివరణ. చిక్కంతా ఇక్కడే. మందు హఠాత్తుగా ఆపితే కదలికలు పెరగవచ్చు, పాత జబ్బూ తిరగబెట్టవచ్చు. మోతాదు పెంచితే కొన్నాళ్లు అణిగినట్టే ఉంటుంది, లోపల ముదురుతుంది. కాబట్టి సొంతంగా ఏదీ ఆపకండి, పెంచకండి.

ఈ మందులతో వచ్చే చేతుల వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర రాస్తారు. వణుకుకు, బిగువుకు అది పనిచేస్తుంది. ఈ నోటి కదలికలను మాత్రం పెంచగలదు. మానసిక జబ్బుకు వాడే రిస్పెరిడోన్‌తో కలిపిన ఒకే మాత్రగానూ దొరుకుతుంది. మడతల దగ్గర చిరిగిన పాత చీటీతోనే ఏళ్లకేళ్లు మందులు కొంటున్నవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. వాళ్ల మీద కాదు, ఒక్కసారైనా నాలుక చాపమని అడగని మా డాక్టర్ల మీద.

చూడటానికి స్కానింగులు అక్కర్లేదు. నోట్లో ఏమైనా ఉంటే తీయించి, కుర్చీలో కూర్చోబెట్టండి. బొటనవేలికి మిగతా వేళ్లను ఒక్కొక్కటిగా తాకించమనండి. ధ్యాస వేళ్ల మీదికి పోగానే, అంతవరకు అణచిపెట్టుకున్నది నోటి దగ్గర బయటపడుతుంది. ఫోనులో వీడియో తీసి డాక్టరుకు చూపించండి. పెద్దవయసువారిలో, మధుమేహం ఉన్నవారిలో మరింత గమనించాలి. వాంతుల మాత్ర మెటోక్లోప్రమైడ్‌ను నెలల తరబడి వాడినా ఇది రావచ్చు.

తొందరగా పసిగడితే దారులున్నాయి: క్లోజపీన్ వంటి మందుకు మారడం, కదలికలను తగ్గించే టెట్రాబెనజీన్ వాడటం. అమెరికాలో 2017లో దీనికోసమే రెండు మందులకు అనుమతి వచ్చింది. మా పెద్దావిడకు మందు నెమ్మదిగా మార్చాం. నాలుక ఆగింది, పెదవులు ఇంకా కాస్త కదులుతున్నాయి.

సంచుల్లో చీటీలు తెచ్చుకున్నవారు బయటికి తీయండి. అన్నిటికన్నా పాత చీటీ ఎవరిదో, వారు ముందుగా రండి.