రేమ్ దూకిన దూరం, మన ఊరి ఇసుక గుంత
(నల్లగొండలో వ్యాయామ ఉపాధ్యాయులు, దివ్యాంగ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఈ పూట నేను ఒక్క క్రీడాకారుడి గురించే మాట్లాడదలచుకున్నాను. ఆయన జర్మనీకి చెందిన లాంగ్ జంపర్ మార్కుస్ రేమ్. కుడికాలు మోకాలి కింది నుంచి లేని ఈయన 2023లో 8.72 మీటర్లు దూకారు. 1991లో టోక్యోలో మైక్ పావెల్ నెలకొల్పిన ప్రపంచ రికార్డు 8.95 మీటర్లు. రెండు కాళ్ళూ ఉన్న జంపర్లలో సైతం 8.72 దాటినవారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇలాంటి వ్యక్తిని తలచుకోగానే మనం ఆత్మవిశ్వాసం గురించి నాలుగు మాటలు చెప్పి, చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళిపోతుంటాం. ఆయనకు ఆత్మవిశ్వాసం ఉన్న మాట నిజమే కానీ, అది మన పిల్లల్లోనూ కావలసినంత ఉంది. రేమ్‌కు దొరికినవి, మన పిల్లలకు దొరకనివి కొన్ని ఉన్నాయి; వాటి గురించి చెప్పడానికే వచ్చాను.

రేమ్ 1988లో పుట్టారు. 14 ఏళ్ళ వయసులో, పడవ వెనుక పలక మీద నిలబడి నీటిపై జారే వేక్‌బోర్డింగ్ ఆటలో పడిపోయినప్పుడు, మరో పడవ ప్రొపెల్లర్ తగిలి కాలు నుజ్జయింది. చివరికి కాలు తీసేయక తప్పలేదు. ఆ తర్వాత ఆయన ఎంచుకున్న వృత్తి కృత్రిమ అవయవాల తయారీ. ఆయన కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఈ విషయమే. పోటీల్లో తాను వాడే కాలిని తానే అమర్చుకోగల నిపుణుడాయన.

ఈ నిపుణత ఎందుకంత విలువైనదో చెప్పాలంటే కాలి నిర్మాణం గురించి కొంచెం చెప్పాలి. చూసేవారి కళ్ళన్నీ వంపు తిరిగిన కార్బన్ ఫైబర్ బ్లేడు మీదే ఉంటాయి. 21 ఏళ్ళకే కాలు పోగొట్టుకున్న అమెరికన్ వాన్ ఫిలిప్స్ 1980లలో రూపొందించిన పాదమే ఈ తరహా బ్లేడ్లకు మూలం. అయితే ఆటగాడి భవిష్యత్తును తేల్చేది ఎక్కువగా సాకెట్, అంటే మిగిలిన కాలిని పట్టి ఉంచే తొడుగు. మిగిలిన కాలు రోజంతా ఒకే కొలతలో ఉండదు. ఉదయానికీ సాయంత్రానికీ వాపు మారుతుంది, ఎండాకాలం చెమటకు తొడుగు జారుతుంది, ఒరిసినచోట పుండు పడుతుంది, పుండు పడ్డ పిల్లవాడు వారాల తరబడి మైదానానికి రాలేడు. రేమ్ టేకాఫ్ బోర్డు (దూకే ముందు చివరగా కాలు మోపే పలక) మీద మోపి ఎగిరేది ఈ కృత్రిమ కాలితోనే కాబట్టి, శరీర బరువుకు ఎన్నో రెట్ల ఒత్తిడి ఆ ఒక్క క్షణంలో సాకెట్ మీద పడుతుంది. దాన్ని సరిదిద్దగల చేతులు ఆటగాడికి అందుబాటులో ఉండాలి.

ఇక్కడ మన జైపూర్ కాలిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1968లో రామ్ చంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేఠీ కలిసి రూపొందించిన ఆ కాలితో మనిషి పొలం గట్టున నడుస్తాడు, నేల మీద కూర్చుంటాడు. లక్షలాది కుటుంబాలకు అది ఆధారమైంది. అయితే దాన్ని తయారు చేసింది నడక కోసం. దానితో రన్‌అప్ తీసి దూకమని పిల్లవాణ్ణి అడగడం అన్యాయం.

రేమ్‌కు దక్కిన మరొక భాగ్యం శిక్షకురాలు. 2009లో జావెలిన్‌లో ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచిన స్టెఫీ నేరియస్ లెవర్‌కూజెన్ క్లబ్బులో ఆయనకు శిక్షణ ఇచ్చారు. ఫలితం అంకెల్లోనే కనిపిస్తుంది: 2011 పారా ప్రపంచ పోటీల్లో 7.09 మీటర్లు, 2012 లండన్ పారాలింపిక్స్‌లో 7.35, 2013లో 7.95, 2015లో దోహాలో 8.40. నాలుగేళ్ళలో 1.31 మీటర్ల పెరుగుదల! లండన్, రియో, టోక్యో, పారిస్, ఈ నాలుగు పారాలింపిక్స్‌లోనూ లాంగ్ జంప్ స్వర్ణం ఆయనదే.

2014లో ఉల్మ్ నగరంలో జరిగిన జర్మనీ జాతీయ పోటీల్లో ఆయన అందరితో కలిసి దూకి, 8.24 మీటర్లతో విజేతగా నిలిచారు. అయినా యూరోపియన్ పోటీలకు ఎంపిక చేయలేదు. బ్లేడు వల్ల అదనపు లాభం ఉందేమోనన్నది అభ్యంతరం. లాభం లేదని నిరూపించే బాధ్యతను కూడా ఆటగాడి మీదే పెట్టారు. శాస్త్రవేత్తలు పరీక్షించగా, బ్లేడుతో దూకేవారి పరుగు వేగం తక్కువగానూ, బోర్డు మీద నుంచి పైకి లేచే తీరు మెరుగ్గానూ ఉన్నట్టు తేలింది. మొత్తం మీద లాభమా నష్టమా అన్నది మాత్రం తేలలేదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో దూకనివ్వమని ఆయన క్రీడా న్యాయస్థానాన్ని ఆశ్రయించినా ఫలించలేదు. ఆ ఏడాది జూన్‌లో ఆయన దూకింది 8.62, తర్వాత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన దూకు 8.41. అయితే అదే ఏడాది పారాలింపిక్స్‌లో ఆయన దూకింది 8.18 మాత్రమేనని కూడా చెప్పాలి. ఒలింపిక్ నిర్వాహకుల సందేహం నిరాధారమైనదని నేను అనను. కానీ తేలని విషయానికి ఆటగాణ్ణే మూల్యం చెల్లించమనడం సబబు కాదని నా నమ్మకం.

మన జిల్లాల విషయానికొస్తాను. ఫ్లోరైడ్ నీటికి ఎముకలు వంగి, కీళ్ళు బిగుసుకుపోయిన తరాలను మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలు చూశాయి. విజయవాడ రహదారి ప్రమాదాలు ఎందరి కాళ్ళనో తీసుకున్నాయి. ఇలాంటి ఇంట్లో పిల్లవాడికి సదరం సర్టిఫికెట్ వస్తుంది, పింఛను వస్తుంది. అవి కచ్చితంగా రావాలి. తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిందేమిటంటే, సదరంలో రాసే శాతానికీ పారా క్రీడల వర్గీకరణకూ సంబంధం లేదు. క్రీడల్లో చూసేది ఆ లోపం ఏ రకానిది, ఆ ఆటను ఎంతవరకు అడ్డుకుంటుంది అన్నదే. రేమ్ పోటీపడే టీ64 మోకాలి కింద కాలు లేక, కృత్రిమ కాలితో ఆడేవారి తరగతి. చూపు లేనివారికి టీ11, మేధోపరమైన లోపం ఉన్నవారికి టీ20, పొట్టివారికి, చేయి లేనివారికి వేరే తరగతులు ఉన్నాయి. 2024 పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చిన మన వరంగల్ బిడ్డ దీప్తి జీవాంజి టీ20 తరగతి క్రీడాకారిణి. కీళ్ళు బిగుసుకుపోవడం, కండరాల బలం తగ్గడం కూడా అర్హత గల లోపాల జాబితాలో ఉన్నాయి గనుక, ఫ్లోరైడ్ బాధితులనూ పోలియో బాధితులనూ ముందే పక్కన పెట్టకండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. లాంగ్ జంప్‌కు ఖరీదైన ఏర్పాట్లు అక్కరలేదు. 40 మీటర్ల రన్‌అప్ దారి, 20 సెంటీమీటర్ల వెడల్పు బోర్డు, కనీసం 2.75 మీటర్ల వెడల్పున మెత్తని ఇసుక గుంత చాలు. టేకాఫ్ గీత నుంచి గుంత చివరికి కనీసం 10 మీటర్లు ఉండాలి. చూపు లేని పిల్లలకైతే బోర్డు బదులు 1.22 మీటర్ల వెడల్పు, 1 మీటరు పొడవుతో సుద్ద చల్లిన చోటు ఉంటుంది. పక్కన నిలబడి చప్పట్లతోనో మాటతోనో దారి చెప్పే మనిషి కావాలి. దూకును పాదం మోపిన గుర్తు నుంచి కొలుస్తారు. మీ బడిలో గుంత ఉంటే వర్షాలకు గట్టిపడ్డ ఇసుకను ఈ వారమే తవ్వి వదులు చేయించండి, లేకపోతే ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి చోటు గుర్తించండి. ఏ బిడ్డ ఏ తరగతికి సరిపోవచ్చునో తెలియకపోతే, సభ ముగిశాక వాళ్ళ వైద్య పత్రాలతో నా దగ్గరికి రండి, కలిసి చూద్దాం.