లైట్ లేని పెన్‌డ్రైవ్‌లో నాలుగు ఓఎస్‌లు

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఈ పెన్‌డ్రైవ్ నేను కొన్నది కాదు. ద్వారకానగర్‌లో నేనెప్పుడూ పార్ట్‌లు కొనే షాపాయన "వీడియో చెయ్యి తమ్ముడూ, తర్వాత నువ్వే ఉంచేసుకో" అని ఊరికే ఇచ్చారు. అంతకుమించి పైసా ముట్టలేదు. కంపెనీ పేరు మీద స్టిక్కర్ అంటించా, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. 128 జీబీ. మిగతా అంకెలు మీరు ఎక్కడో చూసే ఉంటారు, నేను మళ్ళీ చదివి వినిపించను.

నా పని వేరు. విండోస్ 11, ఉబుంటు, లినక్స్ మింట్, డెబియన్, ఈ నాలుగు ఓఎస్‌లూ, అంటే కంప్యూటర్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లు, దీంట్లో ఉండాలి. ఎవరింటికెళ్ళి ఏ కంప్యూటర్‌కి గుచ్చినా, ఏది కావాలంటే అది ఇన్‌స్టాల్ చెయ్యగలగాలి. అదిగో, వెనకాల ఉబుంటు కాపీ అవుతోంది. అవనివ్వండి, ఈలోగా మనం మాట్లాడుకుందాం.

ఇదివరకు నా దగ్గర నాలుగు పెన్‌డ్రైవ్‌లు రబ్బరు బ్యాండేసి ఉండేవి. రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక్కోదాంట్లో ఒక్కో ఓఎస్. దేంట్లో ఏముందో స్కెచ్ పెన్‌తో రాసుకునేవాణ్ణి. మన విశాఖ చెమటకి ఆ రాత రెండు నెలలు నిలిచేది కాదు. రూఫస్‌ని తప్పుపట్టడం లేదు, ఒక్క ఓఎస్ చాలనుకుంటే ఇప్పటికీ అదే తేలిక. కానీ కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ డ్రైవ్ మొత్తం చెరిపి మళ్ళీ మొదలెట్టాలి.

2020లో వెంటాయ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ బాధ పోయింది. ఉచితం, ఓపెన్ సోర్స్. డ్రైవ్‌లో వెంటాయ్ ఎక్కించేటప్పుడు పాతదంతా పోతుంది, అందుకే రెండుసార్లు అడుగుతుంది. ఆ రెండుసార్లూ డ్రైవ్ పేరు చదివి మరీ ఓకే నొక్కండి. పక్కనే పెళ్ళి ఫోటోల హార్డ్‌డిస్క్ గుచ్చి ఉంటే ముందు దాన్ని పీకేయండి. ఎక్కించాక డ్రైవ్ రెండు భాగాలవుతుంది. చివర 32 ఎంబీ ముక్క బూట్ కోసం, అంటే కంప్యూటర్ ఈ డ్రైవ్ నుంచి స్టార్ట్ అవడానికి. మిగతాదంతా మనకే, మామూలు పెన్‌డ్రైవ్‌లాగే కనిపిస్తుంది. అందులోకి ఐఎస్‌ఓ ఫైల్, అంటే ఓఎస్ మొత్తం ఒకే ఫైల్‌గా వచ్చేది, లాగి పడేయడమే! విప్పక్కర్లేదు, పేరు మార్చక్కర్లేదు. బూట్ చేస్తే ఏయే ఐఎస్‌ఓలున్నాయో వరసగా చూపిస్తుంది. మింట్ పాతబడిందా, ఆ ఫైల్ డిలీట్ చేసి కొత్తది పడేయండి. ఆ మిగిలిన జాగాలో సినిమాలు పెట్టుకున్నా ఏమీ అనదు. విండోస్ 11 ఐఎస్‌ఓ 4 జీబీ దాటుతుంది కదా, ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో అంత పెద్ద ఫైల్ పట్టదు. ఇది ముందే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఇస్తుంది కాబట్టి ఆ గొడవా లేదు.

కంప్యూటర్ ఆన్ చెయ్యగానే, ఏ డ్రైవ్ నుంచి స్టార్ట్ అవ్వాలో ఎంచుకునే బూట్ మెనూకి డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9. సెక్యూర్ బూట్, అంటే గుర్తింపు లేనిదాన్ని స్టార్ట్ అవనివ్వని కాపలా, ఆన్‌లో ఉంటే మొదటిసారి నీలం స్క్రీన్ వస్తుంది, కంగారు పడకండి. ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్ అన్నది ఎంచుకుని, వీటాయ్‌ఈఎఫ్‌ఐ అనే దాంట్లోకి వెళ్ళి, ఎన్‌రోల్ దిస్ కీ అంటూ మొదలయ్యే ఫైల్ చూపించి, యస్ కొట్టి రీబూట్ చేయాలి. ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కసారి చేస్తే చాలు.

సరే, ఇప్పుడు స్టిక్కర్ సంగతి. ఈ డ్రైవ్‌కి లైట్ లేదు.

నవ్వకండి. నా పాత 16 జీబీ దానికి చివర నీలం లైటుండేది. రాస్తున్నంతసేపూ మిణుకుమిణుకుమనేది, అయిపోగానే ఆగేది. సముద్రం గాలికి దాని ఇనప తొడుగు తుప్పు పట్టింది, మూత ఎక్కడో పోయింది, లైట్ మాత్రం ఈరోజుకీ వెలుగుతోంది. దీనికి అది లేదు. దాని ఫలితం చెప్తా వినండి.

గాజువాకలో మా బావకి జిరాక్స్ షాపుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, ఆయన పాత కంప్యూటర్‌ విండోస్ 11కి పనికిరాదు. మింట్ వేసేస్తానన్నాను. మద్దిలపాలెంలో మా ఇంట్లో, లినక్స్ ల్యాప్‌టాప్‌లోంచే ఐఎస్‌ఓ కాపీ చేశాను. వంద శాతం అని చూపించింది, లాగి జేబులో వేసుకున్నాను. లినక్స్‌లో ఉన్న తిరకాసు ఇదే. కాపీ చేసింది ముందు ర్యామ్‌లోకి, అంటే కంప్యూటర్ తాత్కాలిక మెమరీలోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి తాపీగా డ్రైవ్‌లోకి దిగుతుంది. గీత నిండింది కదా అని లాగితే, తోక ఇంకా ర్యామ్‌లోనే ఉండిపోతుంది.

గాజువాకలో బూట్ అయింది. డెస్క్‌టాప్ వచ్చింది. పాత డిస్క్ చెరిపేశాను. ఇన్‌స్టాల్ సగంలో ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని ఆగిపోయింది. బయట ఈఏపీసెట్ అప్లికేషన్ల కోసం పిల్లలు లైన్లో నిలబడ్డారు. బావ వెనక్కి తిరిగి, "ఏటిరా, బాగు చేస్తానని వచ్చి దీన్ని ఉత్త డబ్బాని చేసీసేవు?" అన్నాడు. ఆ రోజు నా ల్యాప్‌టాప్ అక్కడే వదిలేసి బస్సెక్కాను.

తప్పు నాదే, ఒప్పుకుంటా. ఎజెక్ట్ కొట్టాలి, లేదా కమాండ్‌లు టైప్ చేసే టెర్మినల్‌లో సింక్ అని కొట్టి, మళ్ళీ టైప్ చెయ్యమనే గుర్తు, అదే ప్రాంప్ట్, తిరిగొచ్చేదాకా ఆగాలి. వెంటాయ్ మెనూలో ఐఎస్‌ఓ మీద ఉండి ఎమ్ నొక్కితే చెక్‌సమ్, అంటే ఫైల్ చెడిందో లేదో పట్టించే అంకె, లెక్క కడుతుంది, దాన్ని మింట్ సైట్‌లో ఉన్నదాంతో పోల్చుకుని ఉంటే డిస్క్ చెరిపే ముందే దొరికిపోయేది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ లైటుంటే కళ్ళే చెప్పేవి కదా!

పైగా వేగం చూడండి. మొదట్లో సెకనుకి 110 ఎంబీ చొప్పున దూసుకెళ్ళింది, ఇప్పుడేమో 14 దగ్గర నీరసంగా నడుస్తోంది. లోపల కొద్ది భాగమే వేగంగా రాసే మెమరీలా వాడతారు, అది నిండితే అసలు రంగు బయటపడుతుంది. చాలా చవక డ్రైవ్‌లు ఇంతే, డబ్బా మీద మాత్రం మొదటి అంకే వేస్తారు. లైట్ పెట్టి ఉంటే నేను దీన్ని కూడా క్షమించేసేవాణ్ణి.

కాబట్టి వెంటాయ్‌కి నా మార్కులు పదికి తొమ్మిది. ఆ ఒకటి నీలం స్క్రీన్‌కి కోశాను. ఈ పెన్‌డ్రైవ్ మాత్రం ఈ పనికి కొనకండి. ఊరికే ఇస్తే సినిమాలకి ఉంచుకోండి. షాపాయనకి ఈ వీడియో ముందే చూపించా, "నిజమే, నాకూ కంప్లైంట్‌లు వచ్చాయి" అన్నారు.

అదిగో, వంద అని చూపిస్తోంది. ఉండండి, లాగకండి. సింక్ కొడుతున్నా... ఇంకా ప్రాంప్ట్ రాలేదు.